ఆపిల్ పెట్టె మీద ఫ్రూమా

శరణార్థిగా కోబేలో దిగిన నాటి నుంచి ఫ్రూమా నేల మీద కూర్చోలేదు. ఇల్లంతా చాపలు పరిచి ఉన్నా సరే, ఖాళీ ఆపిల్ పెట్టె ఒకటి బోర్లించుకుని దాని మీదే కూర్చునేది, భోజనానికి కూడా. ఇంటావిడ ఒకునో గారికి అదొక వేడుక.

"ఏమమ్మాయ్, నేల ఏమైనా కరుస్తుందా? పొదిగే కోడిలా ఆ పెట్టె మీదేంటి!"

"మోకాళ్ళ నొప్పి పిన్నిగారూ."

ముప్ఫై ఆరేళ్ళకి మోకాళ్ళ నొప్పేమిటి, అబద్ధం కాకపోతే! యూదుల ఇళ్ళల్లో జోళ్ళు విప్పేసి నేల మీద కూర్చునేది చావు కబురు విన్నప్పుడు, ఏడు రోజులు. తల్లి సివ్యా విల్నా నుంచి బయల్దేరే వేళ అలాంటి అపశకునం చేజేతులా ఎవరు చేస్తారు?

తల్లి ఆఖరి ఉత్తరం చలికాలంలో వచ్చింది. దేశం దాటే కాగితం రేపో మాపో చేతికొస్తుందట. టీ కాచుకునే సమోవార్ అమ్మేసి రైలెక్కడమేనట. అప్పటి నుంచి ఓడ వచ్చిన ప్రతిసారీ ఫ్రూమా త్సురుగా రేవులో ఉండేది. శరణార్థుల సహాయ సంఘం తరఫున ఆమె పని కూడా అదే. దిగినవాళ్ళని పోగుచేసి రైల్లో కోబేకి తీసుకురావాలి. ఎవరెవరి తల్లులో దిగేవారు. చెయ్యి పట్టి దించేది, వేడి టీ ఇచ్చేది. తిరుగు రైల్లో వాళ్ళంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతుంటే, ఆమె ఒక్కతే కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

సంఘం కార్యదర్శి గుర్లాండ్ గారికి ఓపిక అయిపోయింది.

"షాంఘై ఓడలో నీకు చోటు పెట్టడం ఇది మూడోసారి, ఫ్రూమా. రెండుసార్లు ఎవరికో ఇచ్చేశావు. శుక్రవారంతో ఇక్కడ నీ గడువు సరి. అక్కడ తమ్ముడున్నాడు కదా, వెళ్ళవేం?"

"అమ్మ వచ్చేసరికి రేవులో నేను లేకపోతే? ఆవిడకి మన భాష తప్ప ఒక్క ముక్క రాదండీ."

"నేను దించుకోనా? నా చేతులేమైనా పడిపోయాయా?"

"మీ చాదస్తం వింటే అదే ఓడలో వెనక్కి పోతుంది."

ఆయన నవ్వాడు గానీ, రేపు మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

ఆ సాయంత్రమే షాంఘై నుంచి తమ్ముడు జెలిగ్ ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. "అక్కా, ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. జుట్టు ఒత్తుగా ఉంది. సివ్యా అని పేరు పెట్టాం."

యూదుల్లో బతికున్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టరు, ఆయుష్షు తగ్గుతుందని భయం. పోయినవాళ్ళదే పెడతారు. విల్నాలో పక్కింటివాళ్ళెవరో వాడికి రాసి ఉంటారు. వాడికి ఆ మాట రాయడానికి చెయ్యాడలేదు. పిచ్చి వెధవ, పాప పేరు రాసి ఊరుకున్నాడు.

"ఏమిటమ్మా కబురు?" అంది ఒకునో గారు.

"తమ్ముడికి పాప పుట్టింది. సివ్యా అని పెట్టారు."

"మీ అమ్మ పేరు కదూ! ఆహా, వచ్చాక ఎంత మురిసిపోతుందో!"

ఈ ఆచారం ఆవిడకి తెలీదు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? ఆవిడ అప్పటికే వంటింట్లో దూరి, దాచుకున్న రేషన్ బియ్యంలో ఎర్ర గింజలు కలిపి శుభవేళ వండే అన్నం వండుతోంది.

కబురు నెల దాటి అందితే ఏడు రోజులక్కర్లేదు, ఒక్క గంట కూర్చుంటే చాలని వాళ్ళ ఆచారం. విల్నా నుంచి సైబీరియా మీదుగా ఉత్తరం రావడానికే నెల పైన పడుతుంది. అంటే అమ్మ పాలికి మిగిలింది ఒక్క గంట. ఫ్రూమా లేచింది. పెట్టెని గోడవారకి జరిపి, చాప మీద కూర్చుంది. జోళ్ళు ఎలాగూ గుమ్మంలోనే ఉన్నాయి. ఆ ఇంట్లో అందరూ కూర్చునేది అలాగే కాబట్టి, చూసి ఏమైందని అడిగే మనిషి లేదు.

ఒకునో గారు గిన్నెతో వచ్చి నిలబడిపోయింది. ముఖం విప్పారింది.

"అమ్మయ్య! మోకాళ్ళు బాగుపడ్డాయన్నమాట. ఇన్నాళ్ళకి మా ఇంటి పిల్లవయ్యావు. తిను, తిను."

చావు కబురు విన్నవాళ్ళకి మొదటి ముద్ద పొరుగువాళ్ళే తెచ్చిపెట్టాలి. ఫ్రూమా కాదనకుండా తింది.

"శుక్రవారం ఓడకి వెళ్ళిపోతాను పిన్నిగారూ."

"పాపని చూడొద్దూ మరి, వెళ్ళిరా! మీ అమ్మ వస్తే రేవుకి నేను వెళ్తాలే. మనిషి ఎలా ఉంటుందో ఆనవాలు చెప్పు," అంటూ ఆవిడ కూడా ఎదురుగా చతికిలబడింది.

"పొట్టిగా ఉంటుంది," అంది ఫ్రూమా. "ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. ఎండాకాలంలో కూడా శాలువా తియ్యదు..."

గంట నిండేదాకా చెబుతూనే ఉంది.