దోనెలో మూడో మనిషి

ఉప్పెన ఊళ్ళన్నిటినీ మింగేశాక హర్షిణి, ఆమె అక్క రమ్యశ్రీ దోనె ఎక్కి కొల్లేరు మీదుగా పెదవేగి మెరకకు బయలుదేరారు. కలిదిండి దగ్గర చేపలచెరువు గట్టుమీద ఒంటరిగా కనిపించిన మెహజబీన్‌నూ ఎక్కించుకున్నారు. అప్పటినుంచి అక్క ఆ పిల్లకే జడ వేసేది, ఆ పిల్లతోనే నవ్వేది. హర్షిణికి కడుపు రగిలిపోయేది.

ఒక పొద్దున మెహజబీన్ మంచినీళ్ళు వెతకడానికి ఒక గట్టు దగ్గర దిగింది. అక్క నిద్రపోతోంది. హర్షిణి దోనెను నెట్టేసింది.

అక్క లేచి, "మెహజబీన్ ఏదే?" అని అడిగింది.

"అక్కడే ఉండిపోతానంది."

"నిన్న నువ్వు తాగింది ఆ పిల్ల వాటా నీళ్ళేనే. నీకు చెప్పొద్దంది."

హర్షిణి గెడకర్ర అందుకుని దోనెను వెనక్కి తిప్పింది. మెహజబీన్ గట్టుమీదే నిలబడి ఉంది. హర్షిణి చెయ్యందించి ఎక్కించింది. అక్క ఆ పిల్లను హత్తుకుంటే హర్షిణికి మళ్ళీ మండింది. అయినా పక్కకు జరిగి చోటిచ్చింది.