గిన్నెల సబ్బులో పెట్టిన డబ్బు

కుటుంబంలో అందరూ ఆయన్ని వాటాల బావ అంటారు. కంపెనీల్లో తప్ప ఇంటిపనిలో వాటా తీసుకోడని బావమరిది పెట్టిన పేరది. ఉద్యోగం మానేసి ఏడేళ్లుగా షేర్ల మీదే బతుకుతున్న వాటాల బావకి ఈ లోకంలో ఏదీ సవ్యంగా కనిపించదు. సూపర్‌మార్కెట్ ట్రాలీ ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. కౌంటరు పిల్ల రెండు చీపుళ్లు కొన్నా ఫోన్ నంబరు, పుట్టినరోజు అడుగుతుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బోర్డు చూసి జనం మురిస్తే, ఈయన మొహం మాడ్చుకుంటాడు. ఆ కంపెనీలో షేర్లుంటే ఆ ఉచితం ఈయన జేబులోంచే మరి. టీవీలో కోట్లేసుకుని కోట్ల గురించి మాట్లాడే నిపుణులంటే మరీ మంట.

"మార్కెట్ పెరగొచ్చు, పెరక్కపోవచ్చు అని చెప్పడానికి కోటెందుకు? బనీను చాలు" అనేవాడు.

ఆయన నమ్మే నిపుణురాలు ఇంట్లోనే ఉంది. పాపం, ఆవిడకా సంగతి తెలియదు. భార్య వరసగా మూడు నెలలు ఏ సరుకు కొంటే ఆ కంపెనీ షేరు కొనడం, వరసగా రెండు నెలలు కొనకపోతే అమ్మేయడం, ఇదీ ఆయన రహస్య పద్ధతి. అడిగితే ఆలోచిస్తుంది, ఆలోచిస్తే పాడవుతుంది అని ఏనాడూ కారణం అడగలేదు. పక్కన నిలబడితే ఆవిడ ఎంపిక మారిపోతుందని షాపులో కూడా దూరం పాటించేవాడు. ఆవిడ సబ్బుల వరసలో ఉంటే, ఈయన బిస్కెట్ల వరసలో పరాయివాళ్ల బుట్టల్లోకి తొంగిచూసేవాడు. ఇంటికొచ్చాక మాత్రం "నువ్వు కూర్చో, సరుకులు నేను సర్దుతా" అనేవాడు. సగం సర్ది, ఫోను పట్టుకుని గదిలోకి మాయమయ్యేవాడు. నెలకోసారి పొంగుకొచ్చే ఈ ప్రేమేమిటో ఆవిడకి అంతుపట్టేది కాదు.

అలా దొరికిన రత్నం ఆకుపచ్చ గిన్నెల సబ్బు. ఆరేళ్ల కిందట కొన్న షేరు నాలుగింతలైంది. ఇంటి డబ్బులో సగం ఆ సబ్బులోనే ఉంది. వంటగది మార్పించడానికని దాచిందీ అందులోనే. ఆ వంటగదిలో అరలన్నీ ఆయన ఎత్తుకి కొట్టించినవి. ఆయనేమో సరుకులు సర్దే రోజు తప్ప అందులో అడుగు పెట్టడు. ఆవిడ కుంటి స్టూలెక్కి డబ్బాలు దించుకునేది.

"స్టూలు ఊగుతోందండీ. వంటగది ఎప్పుడు?"

"షేరూ ఊగుతోంది. కాస్త నిలబడనీ."

నిలబడ్డాక మళ్లీ అడిగింది.

"ఇప్పుడు పరిగెడుతోందే. పరిగెత్తేదాన్ని ఎవరైనా దించుతారా?"

"దాన్నొద్దులెండి, ముందు నన్ను దించండి" అంది ఆవిడ స్టూలు మీంచి.

ఒక నెల సంచిలో ఆకుపచ్చ సబ్బు లేదు. పసుపుపచ్చది ఉంది. వాటాల బావ సంచి తిరగేసి దులిపాడు. రెండో నెలా పసుపుదే, అదీ అరడజను. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర ఎవరూ లేనప్పుడు పాత ఆకుపచ్చ ముక్కని వాసన చూశాడు. నురగ తగ్గిందా, సరుకు మార్చారా? అడుగుదామని నోరు తెరిచి, పద్ధతి గుర్తొచ్చి మూసుకున్నాడు. తన మాట మీద అదే షేరు కొన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఏరా, సబ్బు కంపెనీ అమ్మేయ్. దాని పనైపోయింది."

"ఎవరు చెప్పారు బావా? కంపెనీ లోపలి మనిషా?"

"ఇంటి లోపలి మనిషి. నోరు మూసుకుని అమ్ము."

మర్నాడు పొద్దున్నే తనదంతా అమ్మేశాడు. డబ్బు బ్యాంకులో పడింది. జారకముందే చెయ్యి కడుక్కున్నానని మురిసిపోయాడు.

పది రోజులకి కంపెనీ లెక్కలు ప్రకటించింది. ఎన్నడూ లేనంత అమ్మకాలు. షేరు ఒక్కరోజులో ఐదో వంతు పెరిగి, రెండో రోజు కూడా బుద్ధి తెచ్చుకోలేదు. బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, పంట పండింది."

"నువ్వు అమ్మలేదా?"

"అమ్ముదామనే కూర్చున్నా. పాస్‌వర్డ్ మర్చిపోయా. మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకి తాళం పడింది. ఇవాళే తెరుచుకుంది."

ఏడేళ్ల పరిశోధనని ఒక మతిమరుపు ఓడించింది. వాటాల బావ రెండు రోజులు అన్నం కెలికాడు. శనివారం షాపులో బిస్కెట్లని వాటి మానాన వదిలేసి, తిన్నగా సబ్బుల వరసలోకి వెళ్లి భార్య ముందు నిలబడ్డాడు.

"ఆ ఆకుపచ్చ సబ్బు ఎందుకు మానేశావు?"

"మానడమేమిటి? అదుగో."

ఆవిడ వేలు పైకి చూపించింది. అన్నిటికంటే పై అరలో ఆకుపచ్చ సబ్బులు బారులు తీరి ఉన్నాయి. నడుమెత్తు అరలో పసుపువి.

"రెండు నెలలయింది పైకి ఎక్కించి. నాకందదు. ఇక్కడ స్టూలు కూడా లేదు."

"నన్ను పిలవొచ్చుగా."

"మొదటి నెల పిలిచాను, వస్తున్నా అన్నారు. రెండో నెల పిలిచాను, చెయ్యి ఊపారు. ఎవరి బుట్టలోకో తల దూర్చి ఉన్నారు."

"పోనీ, ఈ పసుపుది బాగుందా?"

"ఏం బాగు, నా బొంద" అని చేతులు చాచింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది.

వాటాల బావ చెయ్యెత్తి, మునివేళ్ల మీదైనా లేవకుండా, ఆకుపచ్చ సబ్బు తీసి ట్రాలీలో వేశాడు. అంత ఖరీదైన సబ్బు ఆయన జన్మలో ముట్టుకోలేదు. తర్వాత అక్కడే నిలబడి మొత్తం పద్ధతి చెప్పేశాడు. ఆవిడ ట్రాలీ ఎడమకి పోకుండా కాలు అడ్డంపెట్టి విన్నది.

"అంటే ఇన్నేళ్లూ నేను చెప్పినట్టే షేర్లు కొన్నారా?"

"చెప్పినట్టు కాదు, కొన్నట్టు."

"అవును, చెప్పినవి ఎప్పుడు విన్నారు కనక. అమ్మిన డబ్బేది?"

"బ్యాంకులో ఉంది. కాస్త తగ్గితే మళ్లీ..."

"ఊగుతోందా?"

"లేదు."

"పరిగెడుతోందా?"

"బ్యాంకులో ఎక్కడికి పరిగెడుతుంది?"

"అయితే వడ్రంగిని పిలవండి."

సోమవారం వడ్రంగి వచ్చాడు. అతని జిగురు డబ్బా మీద కంపెనీ పేరు చదువుతూ వాటాల బావ ఫోను తీయబోయి, భార్య చూపు తగిలి జేబులో పెట్టేశాడు.

"సార్, అర ఎంత ఎత్తులో పెట్టమంటారు?"

ఆయన నోరు తెరిచేలోగా ఆవిడ గోడకి ఆనుకుని, చెప్పులు కూడా విప్పేసి, మోచెయ్యి కాస్త వంచి చెయ్యి పైకెత్తింది.

"ఇక్కడికి."

వడ్రంగి పెన్సిలు గీత గీశాడు. గీత వాటాల బావ నుదుటికి సరిగ్గా వచ్చింది.

"తొట్టి పైనా ఇదే ఎత్తా? నా తల బద్దలవుతుంది" అన్నాడు ఆయన విసుగ్గా.

"వంగండి, అలవాటవుతుంది. పసుపు సబ్బులు ఇంకా నాలుగున్నాయి" అంటూ ఆవిడ గిన్నెల గంప ఆయన వైపు జరిపింది. "అవి మీ వాటా."