కడగని చుక్కలు

చుక్కలమ్మకు పొద్దున్నే నర్సరీలో పని. ట్రేల ముందు పీట వేసుకుని, ఒక్కో మొలక నెత్తిన ఒక్కో చుక్క మందు వేయాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ. ఇరవై ఏళ్లుగా అదే పని, అందుకే అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా మర్చిపోయారు.

ఆ మందు సంగతి నర్సరీ మేస్త్రీ చెప్పాడు. మొలకలో కంటికి కనపడని గదులుంటాయట. ఒక గది రెండు కావాలంటే ముందు లోపలి సామాను అంతా రెండేసి చేసుకుంటుంది. అప్పుడు సన్నటి దారాలు పుట్టి సగం ఇటు, సగం అటు లాగుతాయి. మధ్యలో గోడ లేస్తుంది. మందు పడితే దారాలు పొడి అయిపోతాయి. లాగేవాళ్లు లేక, రెండింతల సామానూ ఒకే గదిలో ఉండిపోతుంది. ఆకు మందమవుతుంది, పువ్వు పెద్దదవుతుంది.

"ఒక్క రోజే. మర్నాడు ఇదే వేళకి పారే నీళ్లలో కడిగెయ్యాలి," అనేవాడు మేస్త్రీ. "లేకపోతే రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, మొలక ఉబ్బి ఊరుకుంటుంది. ఇక ఎదగదు."

ఆ ఊళ్లో ఇళ్లు వేరుపడేదీ అలాగే. చుక్కలమ్మ చిన్నకొడుకు వేరు కాపురం మాట ఎత్తిన వారానికి పొయ్యి పక్కన ఇంకో పొయ్యి కనపడింది. మంచాలు, బిందెలు, గోడ గడియారం, చివరికి పిల్లి కూడా రెండయ్యాయి. "పాలు రెండు గిన్నెల్లో పొయ్యాలి కాబోలు," అంది పెద్దకోడలు, అంతే.

గురువారానికి దారాలొచ్చాయి. చిన్నకొడుకు భుజానికొకటి, చిన్నకోడలి నడుముకొకటి, వాళ్ల ఆరేళ్ల కూతురు పిచ్చుక మణికట్టుకొకటి. మెల్లగా తూర్పు గదుల వైపు లాగుతున్నాయి. హాలు మధ్యలో గోడ జానెడు లేచింది.

"గోడవతలేగా అత్తయ్యా ఉండేది. సముద్రాలు దాటి పోతున్నామా?" అంది చిన్నకోడలు.

"గోడ లేచాక అవతలి పిల్ల ఏడుపు ఇవతలికి వినపడిన ఇల్లు ఒక్కటి చూపించమ్మా."

"ఏడవదు లెండి. మీ గారాబం తగ్గితే బుద్ధిగా పెరుగుతుంది."

మర్నాడు మధ్యాహ్నం చుక్కలమ్మ టిఫిన్ డబ్బాలో మందు సీసా తెచ్చింది. అందరూ కునుకు తీస్తున్నప్పుడు దారాల మీద ఒక్కో చుక్క వేసింది. పిచ్చుక దారానికి మాత్రం చెయ్యి ఆగలేదు, అయిదారు పడ్డాయి. దారాలు బూడిదలా రాలిపోయాయి. గోడ జానెడు దగ్గరే ఆగింది. నిద్రలేచిన పిచ్చుక దానిమీదెక్కి కూర్చుని కాళ్లూపింది.

మర్నాడు అదే వేళకి బకెట్టు నింపింది చుక్కలమ్మ. కడిగితే దారాలు మళ్లీ పుడతాయి. పుడితే లాగుతాయి. బకెట్టు వంక కాసేపు చూసి, ఆ నీళ్లు పెరట్లో పారబోసింది.

సోమవారానికి పొయ్యిలు నాలుగు. మరో మూడు రోజులకు ఎనిమిది. మంచాల మీద మంచాలు, నడవడానికి దారి లేదు.

"మనం వేరుపడుతున్నామా, కొట్టు పెడుతున్నామా?" అన్నాడు చిన్నకొడుకు. పెట్టె సర్దుకుని వీధి గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ నిలబడి, ఎటూ లాగే దారమేదీ లేక, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున పిచ్చుకను నిద్ర లేపుదామని ఎత్తుకోబోయింది చుక్కలమ్మ. లేవలేదు. పిల్ల అదే పిల్ల, అదే గౌను. బరువు మాత్రం ఇద్దరిది. వేళ్లు మందంగా, చల్లగా ఉన్నాయి. గుండె మీద చెవి పెట్టింది. ఒకటి కొట్టుకుంటోంది, దాని వెనకే ఇంకొకటి.

"ఏం చేశారు అత్తయ్యా?" వెనక నుంచి చిన్నకోడలు మెల్లగా అడిగింది.

చుక్కలమ్మ పరుగెత్తి చెంబు తెచ్చింది. పిల్ల మణికట్టు పట్టుకుని పోసింది, రుద్దింది, మళ్లీ పోసింది. కడిగితే ఇక ముందు పెరగకుండా ఆగుతుందే తప్ప, రెండైనది ఒకటి కాదని ఆమెకు తెలుసు. నర్సరీలో ఎన్ని వేల మొలకలు చూడలేదు?

పిచ్చుక కళ్లు తెరిచింది.

"నానమ్మా, నేను అమ్మతో అటు వెళ్తా," అంది.

అదే నోటితో, అదే క్షణాన, "నానమ్మా, నేను నీ దగ్గరే ఉంటా," అని కూడా అంది.

ఎవరికి ముందు బదులు చెప్పాలో తెలియక, చుక్కలమ్మ ఇంకో చెంబు నీళ్లు పోసింది.