మూగ నెలలో కొన్న స్పీకర్లు

సముద్రం ఒడ్డునున్న టెషీ ఊళ్లో మూగ నెల మొదలైందంటే టైలర్ అడ్జెటే పొద్దున్నే లేచి చేసే మొదటి పని కుట్టుమిషన్‌కి నూనె పెట్టడం. పొలాల్లో విత్తనం పడ్డాక దేవతలకు ప్రశాంతంగా ఉండాలని పూజారులు చాటిస్తారు. అక్కణ్ణుంచి ముప్పై రోజులు డప్పు మోగకూడదు, స్పీకరు పలకకూడదు, చర్చిలో చప్పట్లు కూడా వేళ్ల కొసలతో కొట్టుకోవాల్సిందే. కాదని మోగిస్తే పూజారి మనుషులు కర్రలు పట్టుకొచ్చి సామాను ఎత్తుకుపోతారు. కుట్టుమిషన్ మీద నిషేధం ఏమీ లేదు. అయినా అడ్జెటేది భయపడే ప్రాణం. నూనె పెడతాడు, తొక్కి చూస్తాడు, చెవి వంచి వింటాడు, మళ్లీ పెడతాడు.

ఆ పక్కనే అతని భార్య లామిలే మొక్కజొన్న పిండి ముద్దల్ని పొత్తు ఆకుల్లో చుట్టి కెంకే ఉడికించే కుండలో పేరుస్తూ ఉంటుంది. ఈ ఏడు పీట కాస్త వెనక్కి జరుపుకుంది, ఎనిమిదో నెల మరి. ఇంతకుముందు రెండు కాన్పులు. రెండుసార్లూ బిడ్డ బయటికొచ్చింది గానీ ఏడవలేదు. ఒకసారైనా ఏడవలేదు. ఏడుపు లేని ఇల్లు అని వీధిలో ఎవరూ పైకి అనరు. అనకపోయినా వినబడుతుంది, అందులోనూ ఇంత నిశ్శబ్దమైన నెలలో.

"ఈసారి ఎనిమిదో రోజు బిడ్డని బయటికి తెచ్చే వేడుకకి అద్దె స్పీకర్లు వద్దే. మన సొంతవి మోగాలి," అన్నాడు అడ్జెటే, చేప ముల్లు తీసుకుంటూ.

"ముందు పుట్టనీవయ్యా."

"పుట్టాక కొంటే రెండింతలు. ఇప్పుడైతే సగం ధరకి వస్తాయి."

అదీ నిజమే. మూగ నెలలో స్పీకర్లు కొనేవాడు ఉండడు. వినకుండా కొనాలి కదా! బాగా మోగుతాయో లేదో అన్నది చిన్న సంగతి. పెద్ద సంగతి తొలి పలుకు.

ఓడల్లో వచ్చే వాడిన స్పీకర్లు కొత్త చోట మొదటిసారి పెట్టగానే పాట పాడవు. పాత ఇంట్లో విని దాచుకున్నదేదో ముందు కక్కుతాయి. అది ఎక్కడ పలికితే అక్కడ జరుగుతుంది. అందుకే మామూలు నెలల్లో జనం కొట్లోనే పెట్టించి, తొలి పలుకు కొట్టు నెత్తిన పడేసి, ఖాళీ గొంతులతో వాటిని ఇంటికి తెచ్చుకుంటారు. పెద్ద రోడ్డు మీద ఒఫోరీ కొట్టు చూస్తే తెలుస్తుంది, ఇరవై ఏళ్లుగా ఊరందరి పలుకులూ దానిమీదే పడ్డాయి. ఏ ముసలాయనదో దగ్గు పడింది, ఒఫోరీకి దగ్గు తగ్గదు. కుక్క మొరుగుడు పడింది, కుక్కే లేని ఆ కొట్లో ఏడాదికి ఇద్దరి పిక్కలైనా చిరుగుతాయి. నార్టే అనే జాలరి తొందరపడి ఇంట్లోనే పెట్టుకుంటే ఆడగొంతు ఒకటి "గుడ్‌బై" అంది. వారం తిరక్కుండా వాడి పడవ... సరే, ఆ సంగతి ఎందుకులెండి.

"కొట్లో పెట్టను మాస్టారూ, ముందే చెప్తున్నా," అన్నాడు ఒఫోరీ దగ్గుతూ. "పూజారి మనుషులు నిన్ననే ఇటు తిరిగి వెళ్లారు. చూసుకో, తట్టుకో, వాసన చూసుకో. తొలి పలుకు మాత్రం నీదే."

"పెట్టొద్దులే. చిన్న బ్యాటరీ ముట్టిస్తే టిక్కుమంటుందిగా, అదైనా చూడనీ."

"ఆ టిక్కే తొలి పలుకైతే? ఇంటికెళ్లాక నీ గుండె టిక్కుమని ఊరుకుంటే?"

అడ్జెటే బ్యాటరీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇక చేతులే దిక్కు. నల్ల జత ఒకటి నిగనిగలాడుతోంది. లోపలి అట్టని నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కితే గరగర రాసుకుంది, ముక్కు దగ్గర పెడితే కాలిన తీగ వాసన. వద్దు. రెండో జతకి చుట్టూ రబ్బరు పొడిపొడిగా రాలిపోతోంది. వద్దు. మూడోది గోధుమరంగు చెక్కది, మోకాలెత్తు. అట్ట మెత్తగా లోపలికెళ్లి మెత్తగా వచ్చింది. వేలితో తట్టితే పండిన కొబ్బరికాయలా గట్టిగా పలికింది. పైన గ్లాసులు పెట్టిన గుండ్రటి మరకలు, ఒక పక్కన కొవ్వొత్తి మైనం, కింద రంగు పెన్సిలు గీతలు. మనుషులు కూర్చున్న ఇల్లు, వెలుగు పెట్టుకున్న ఇల్లు, పిల్లలున్న ఇల్లు అనుకున్నాడు. చెవి లేని చోట కన్నుతో అంతకంటే ఏం కొంటాం? డబ్బా అడుగున దాచిందంతా ఒఫోరీ చేతిలో పోసి, జతనీ, దాన్ని మోగించే పాత యాంప్లిఫయర్‌నీ తోపుడు బండిలో ఇంటికి తెచ్చాడు.

గుమ్మంలో అత్తగారు ఆవో ట్సోట్సో నిలబడి ఉంది.

"కడుపుతో ఉన్న ఇంట్లోకి నోరు తెరవని పెట్టెలా? బుద్ధుందా అల్లుడూ?"

"ఇక్కడ పెట్టను అత్తా. తొమ్మిది రోజుల్లో నిషేధం పోతుంది. సముద్రం ఒడ్డుకి మోసుకెళ్లి, అరువు జనరేటర్ మీద పెట్టి, తొలి పలుకు అలల్లో పారేసి తెస్తా."

"సముద్రంలో నీ పుణ్యాన ఇంకెవడి పడవ..." అని సగంలో ఆపేసింది ముసలావిడ. ఆపి, తడిగుడ్డతో పెట్టెల దుమ్ము తుడవడం మొదలెట్టింది. తిట్టేటప్పుడు చేతులు ఊరికే ఉండవు ఆవిడకి. వెనక గాలి పోయే కన్నంలోకి వేలు పెట్టి తుడిచేసరికి ఏదో తగిలింది. లాగింది.

పసిబిడ్డ సాక్సు. పసుపు ఊలుది, అరచేతిలో సగం. ఒక్కటే.

ఆవిడ కన్నంలోకి మళ్లీ వేలు పెట్టి వెతికింది. వీధిలో కోడి కూడా మూగ నెలని పాటిస్తున్నట్టే ఉంది.

"దీని జతేదీ?" అంది ఆవిడ చివరికి. "ఎవరు పెడతారే బిడ్డ సాక్సు పెట్టెలో? ఆ బిడ్డ ఏమైపోతే..."

"అమ్మా!" అని లామిలే చెయ్యి చాచి సాక్సు తీసుకుని నడుముకు కట్టిన బట్టలో దోపుకుంది.

అప్పట్నుంచి అడ్జెటేకి ఆ పెట్టెలంటేనే భయం. కన్నాల్లో గుడ్డపీలికలు కుక్కాడు. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టాడు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ వెనక్కి తిరిగి చూసేవాడు. ఆ ఇంట్లో బిడ్డ పోయి, తల్లి ఏడ్చిన ఏడుపే లోపలుందేమో! అదే బయటికొచ్చి లామిలే గొంతులో కూర్చుంటేనో! ఒఫోరీ దగ్గరికెళ్లి వాపసు తీసుకోమన్నాడు. "నీ చెయ్యి పడ్డ పెట్టె నా కొట్లోకి రాదు మాస్టారూ," అని తలుపు ఓరగా వేసేశాడు.

ఇంకా నాలుగు రోజులుందనగా పట్టపగలు వాన పట్టుకుంది. జూన్ వాన తెలుసుగా, గంటలో కాలవలు పొంగి వీధి మోకాల్లోతు నీళ్లైంది. సరిగ్గా అప్పుడే లామిలే కెంకే కుండ దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు వాలి, "ఏవయ్యా," అంది. అంతే అంది.

ఆసుపత్రికి దారి లేదు. రెండిళ్లవతల ఉండే మంత్రసాని సిస్టర్ అమర్లే చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో నడిచొచ్చింది. లోపలి గదికి తెర వేశారు. తెర ఇవతల మిషను, స్పీకర్లు, అడ్జెటే. ఎంతసేపో అతనికే తెలీదు. "ఇంకొక్కసారి తల్లీ... వచ్చేసింది," అన్న మాట వినపడింది.

తర్వాత వాన ఒక్కటే వినపడింది.

పాదాల మీద చిటికెలు. వీపు మీద తట్లు. సిస్టర్ నోటితో గాలి ఊదుతున్న చప్పుడు. మళ్లీ తట్లు. ఏడుపు లేదు. అడ్జెటేకి ఈ నిశ్శబ్దం తెలుసు. రెండుసార్లు విన్నాడు, దాని పొడవెంతో, చివర్లో ఎవరు ఏమంటారో కూడా తెలుసు. చెయ్యి ఆనించుకోడానికి చోటు వెతికాడు. చెయ్యి వెళ్లి స్పీకరు మీద పడింది.

ప్లాస్టిక్ సంచి ఎప్పుడు విప్పాడో తెలీదు. ప్లగ్గు పెట్టి, పాత యాంప్లిఫయర్ మీట దగ్గర వేళ్లు ఆపుకున్నాడు. ఆవో ట్సోట్సో తెర తోసుకుని వచ్చి మణికట్టు పట్టేసింది.

"వద్దు అల్లుడూ. బిడ్డ ఎలాగూ... నా కూతుర్నైనా మిగలనీ. ఏముందో ఎవరికి తెలుసు దాంట్లో?"

నిజమే, ఎవరికి తెలుసు? చెయ్యి వెనక్కి తీశాడు.

"పెట్టవయ్యా," అంది లామిలే తెర వెనకనుంచి. గొంతులో తడి లేదు. "సాక్సు అడుగు అరిగింది. ఐదు రోజులుగా చూస్తూనే ఉన్నా. మడమ దగ్గర చిల్లు పడి కుట్టు వేశారు. ఆ బిడ్డ నడిచింది. పెట్టు!"

అడ్జెటే కన్నాల్లో గుడ్డలు పీకేసి మీట తిప్పాడు.

ముందు జుమ్మని మోత. తర్వాత ఎడమ పెట్టెలో ఎవరో ఊపిరి తీసుకున్నారు. అప్పుడు కుడి పెట్టెలోంచి ఇల్లదిరేలా, కెంకే కుండ మీద మూత గలగలలాడేలా, పసిబిడ్డ ఏడుపు! కోపంగా, ఆకలిగా, ఎవరినో తిడుతున్నట్టు. అది నాలుగు శ్వాసలసేపు మోగి టక్కున ఆగిపోయింది. ఆగిన చోటు నుంచే, ఒక్క శ్వాస కూడా పోనీకుండా, తెర వెనక ఇంకొక గొంతు అందుకుంది.

"ఆడపిల్ల," అంది సిస్టర్ అమర్లే. ఆవిడే ఏడుస్తోంది.

పూజారి మనిషి ఆటా కోటే కర్ర పట్టుకుని, నడుం దాకా తడిసి గుమ్మంలోకి వచ్చాడు. "ఎవరింట్లో మోత? స్పీకరు మోగింది!"

"నా మనవరాలు మోగింది," అంది ఆవో ట్సోట్సో. "ఎత్తుకుపోతావా? రా, ఎత్తుకుపో!"

"రెండు ఏడుపులు విన్నానమ్మా నేను."

"ఒకటి ఇచ్చింది, ఒకటి పుచ్చుకుంది. నువ్వు తడి కాళ్లతో లోపలికి రాకు."

కోటే పెట్టెల వైపు చూశాడు, తెర వైపు చూశాడు. పసిబిడ్డ ఏడుపుకి నిషేధం ఏ పూజారీ పెట్టలేదు. కర్ర గోడకి ఆనించి, టోపీ తీసి పిండుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజుకి నిషేధం పోయింది. తెల్లారకట్లే బిడ్డని బయటికి తెచ్చి ఆకాశం చూపించారు, అడ్జెటే సొంత స్పీకర్లు వీధంతా మోగాయి. ఒఫోరీ వచ్చి, దగ్గుకుంటూ విని, ఎడమదాంట్లో దరువు కాస్త వదులన్నాడు. నిజంగానే వదులు. వినకుండా కొన్నది అంతకంటే బాగా ఎలా ఉంటుంది?

ఆ పెట్టెలు ఇప్పటికీ మిషను పక్కనే ఉన్నాయి. పాటలు పాడతాయి, ఫుట్‌బాల్ చెప్తాయి, రేడియో నాటకాలు వినిపిస్తాయి. నాటకంలో పసిబిడ్డ ఏడిస్తే మాత్రం ఆ ఏడుపు వాటిల్లోంచి రాదు. అది ఉన్నంతసేపూ అక్కడ ఖాళీ. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అడ్జెటే మిషన్ తొక్కడం ఆపి, కూతురు ఎక్కడుందో ఒకసారి చూసుకుంటాడు.