ఆఖరి పోగు

నేల తడిగుడ్డతో తుడవాలి. రింగుకు కొత్త వల కట్టాలి. నిచ్చెన కాళ్ళకు ఊడిపోయిన రబ్బరు తొడగాలి. కత్తెర సాన పట్టించాలి. మనవాళ్ళు గెలిస్తే కావాలి.

గెలిచిన జట్టు బాస్కెట్‌బాల్ వలను కోసుకోవడం ఆ క్లబ్బు ఆనవాయితీ. గెలుపులో చెయ్యి ఉన్నవాళ్ళందరూ వరసగా నిచ్చెనెక్కి తలో పోగు కోస్తారు. ఓసారి బస్సు డ్రైవర్నీ ఎక్కించారు. వల అల్లే వలతాతను మాత్రం ఎప్పుడూ పిలవలేదు. ఆయన కింద నిచ్చెన పట్టుకునేవాడు. వచ్చే ఏడు నుంచి మిషను వలలట. అంటే, ఎక్కితే ఇవాళే ఎక్కాలి.

"ఏం బాబాయ్, గడ్డం గీసుకున్నావు! పెళ్ళిచూపులా?" అంది క్యాంటీన్ ఆవిడ.

"నోర్ముయ్యవే. ఫైనలు కదా."

భార్య పోయాక ఆయనతో వేళాకోళమాడేది ఆవిడొక్కతే.

సాయంత్రానికి అమ్మాయిలు గెలిచారు. డప్పులు, ఈలలు. ఒక్కొక్కరే ఎక్కి కోశారు. ఒక్క పోగు మిగిలింది. అది కెప్టెన్‌ది. ఆ పిల్ల నిచ్చెన మీంచి కిందికి చూసింది.

"తాతా, ఇది నువ్వు కొయ్యి."

ఆ పిల్ల దిగింది, తాత ఎక్కాడు. కత్తెర చేతికిచ్చారు. దాన్ని జేబులో పెట్టుకుని, గోళ్ళతో ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో, కోసెయ్ తాతా! బస్సు దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు!"

"ఉండమ్మా, ఊడొస్తుంది. కోస్తే పోగు పొట్టిదై మళ్ళీ ముడికి అందదు."

నవ్వారు. కాసేపు ఆగారు. ముడి బిగిసి ఉంది. కట్టింది ఆయనే మరి. డప్పులు తలుపు వైపు కదిలాయి. కెప్టెన్‌ను భుజాలమీదికి ఎత్తుకున్నారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏదో అరిచింది, వినపడలేదు.

పోగు చేతికొచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. అంత ఎత్తునుంచి ఖాళీ కుర్చీలను మొదటిసారి చూశాడు. నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేక, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. ముందువరస కుర్చీలో కూలబడ్డాడు.

క్యాంటీన్ కట్టేస్తూ ఆవిడ టీ తెచ్చింది. "బాబాయ్, ఎక్కావటగా!" అంది. భుజం తట్టింది. ఆయన తల పక్కకి ఒరిగిపోయింది.

ఎక్కడైనా గెలిచినవాళ్ళు వల కోస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి. వలతాత ఒళ్ళో ఆ పోగు ఉంది. దాని కొసన, అప్పుడే మొదలుపెట్టిన కొత్త ముడి.