ఎరుపు పక్కన నలుపు

మా అత్తగారికి రంగుల పిచ్చి అని పదకొండేళ్ళు నమ్మాను. నేనొక్కదాన్నే కాదు, కంకిపాడులో మా వీధి వీధంతా నమ్మింది.

1994లో మేం ఇల్లు కట్టాం. మాది చేపల వ్యాపారం. కొల్లేటి నుంచి వచ్చే సరుకును బెజవాడ మార్కెట్లో దింపి మా ఆయన జానకిరామ్, అత్తగారు మంగాయమ్మ కలిసి అమ్మేవాళ్ళు. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. చేపలవాళ్ళ ఇల్లు అనగానే జనం మొహాల్లో వచ్చే మార్పు నాకు బాగా తెలుసు. అందుకే ఇల్లు తెల్లగా, ఆఫీసర్ల ఇల్లులా ఉండాలని పట్టుబట్టాను. ఆయన సరేనన్నారు. గచ్చు వేసే హుమాయూన్ మేస్త్రీకి తెల్ల సిమెంటు, తెల్ల రాళ్ళు అని ఒకటికి రెండుసార్లు చెప్పి పురిటికి పుట్టింటికి వెళ్ళాను.

మొజాయిక్ పనిలో ఒక తిరకాసు ఉంది. పోశాక పైన సిమెంటు పాలు పూసేస్తారు. చూడటానికి అంతా బూడిదరంగు బురదే. కొన్నాళ్ళు ఆరనిచ్చి, నీళ్ళు పోస్తూ మిషనుతో అరగదీస్తేగానీ లోపల ఏముందో బయటపడదు. మా ఆయన రోజూ సాయంత్రం వచ్చి, ఆ బురదను చూసి, "బాగుంది మేస్త్రీ" అని వెళ్ళిపోయేవారట. ఆయన చేపలకు తప్ప దేనికీ వంక పెట్టలేరు.

బిడ్డతో తిరిగొచ్చి తలుపు తీశాను. హాలు మధ్యలో రెండు బారల పువ్వు. కుంకం రంగు రేకులు, చుట్టూ నల్ల అంచు, వెనక పసుపు. ఆ పువ్వులోంచి జానెడు వెడల్పు ఎర్ర పట్టీలు మూడు బయల్దేరి, ఒకటి వంటింటికి, ఒకటి అత్తగారి గదికి, ఒకటి పెరటి తలుపుకి పోతున్నాయి. వంటింటి గడప ముందు పళ్ళెమంత పచ్చటి గుండ్రం. పెరటి మెట్ల మీద లారీ వెనకాల ఉన్నట్టు పసుపు, నలుపు చారలు.

"ఇది ఇల్లా, రికార్డింగ్ డాన్సు స్టేజీయా?" అన్నాను. ఏడుపొచ్చింది.

హుమాయూన్ మేస్త్రీ తల దించుకున్నాడు. "పెద్దమ్మగారు చెప్పారండీ."

"అవును, నేనే చెప్పా," అంది అత్తగారు కుర్చీలోంచే. "ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన పసుపు. అంతకంటే అందం ఏముంటదే?"

తల్లి మాటకు మా ఆయన ఎదురు చెప్పరు. గచ్చు అలాగే ఉండిపోయింది. వచ్చినవాళ్ళంతా గడపలోనే ఆగి నవ్వు దాచుకునేవాళ్ళు. నేను చాపలు కొని పరిచేదాన్ని. ఆవిడ వాటిని చుట్టి మూల పడేసేది. "నా పువ్వు మీద చాపలేంటే?" అనేది. కుర్చీలు ఆ పట్టీల మీదికి జరిగితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. మిగతా ఏ విషయంలోనూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ రంగుల యావ మీద నాకు అంత మంట.

మార్కెట్లో ఆవిడకు తిరుగులేదు. మొప్పలో వేలు పెట్టి చేపను ఎప్పుడు పట్టారో చెప్పేసేది. వెళ్ళడానికీ రావడానికీ మణెమ్మ అనే తట్టలు మోసే మనిషి తోడుండాలి. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచేవాళ్ళు. ఎంత స్నేహమో అనుకునేదాన్ని.

2005 నాటికి ఊళ్ళో అందరిళ్ళలో నిగనిగలాడే క్రీమ్ కలర్ టైల్స్ వచ్చేశాయి. మేమూ వేయిద్దామంటే ఆవిడ ఒకటే మాట: "నేను పోయాక మీ ఇష్టం." నాకు కోపం నషాళానికి అంటింది. పదకొండేళ్ళు ఓర్చుకున్నాను, ఇంక చాలనుకున్నాను. ఆవిడ తమ్ముడి మనవరాలి ఓణీల వేడుకకని మణెమ్మను వెంటబెట్టుకుని పది రోజులు కైకలూరు వెళ్ళగానే హుమాయూన్ మేస్త్రీకి కబురు పెట్టాను.

"పెద్దమ్మగారిని అడిగారా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నేను చెయ్యనండి," అని వెళ్ళిపోయాడు. తన పని చెరిగిపోతుందని బాధ కాబోలు అనుకుని వేరే వాళ్ళను పెట్టాను. వాళ్ళు సిమెంటు పట్టు దొరకడానికని పాత గచ్చు నిండా సుత్తితో గాట్లు పెట్టి, పైన టైల్స్ అతికించారు. గోడ నుంచి గోడ దాకా ఒకే రంగు. ఇన్నాళ్ళకు నా ఇల్లు నాకు నచ్చింది.

పదో రోజు పొద్దున్న మణెమ్మ ఆవిడను గడప దగ్గర దింపి ఆటోలో వెళ్ళిపోయింది. అత్తగారు గడప దాటబోయి ఆగింది. కుడికాలు ముందుకు చాచి, బొటనవేలితో లోపల తడిమింది. కొల్లేట్లో దిగబోయేవాళ్ళు లోతు చూసుకుంటారే, అలా.

"అమ్మాయ్, లోపల నీళ్ళెందుకున్నాయే?"

"నీళ్ళు కావత్తయ్యా. టైల్స్."

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. ఆవిడ కళ్ళు నా వైపు ఉన్నాయి, కానీ నా మీద లేవు. అప్పుడు అర్థమైంది నాకు.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"ఇల్లు కట్టకముందే. కంటి నరం ఎండిపోతోంది, ఆపరేషన్‌కి లొంగదని డాక్టరు చెప్పాడు. గట్టి రంగులు చాన్నాళ్ళు తెలుస్తాయన్నాడు. మేస్త్రీకీ మణెమ్మకీ తప్ప ఎవరికీ చెప్పలా."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు నన్ను మార్కెట్‌కి పోనిస్తారా? మంచం మీద కూచోబెట్టి అన్నం పెట్టేవాళ్ళు."

నిజమే. అలాగే చేసేవాళ్ళం. నాకు సిగ్గేసింది. "పైవి పీకించేస్తాను అత్తయ్యా. కింద మీ గచ్చు అలాగే ఉంది," అన్నాను.

"గాట్లు పెట్టలా?"

ముప్ఫై ఏళ్ళు మార్కెట్లో బతికిన మనిషికి అబద్ధం చెప్పడం కష్టం. పెట్టారన్నాను. ఆవిడ తలుపు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"చెయ్యి ఇటియ్యి," అంది. "వంటింటికి తీసుకుపో."

ఇన్నేళ్ళలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. నేను నడిపిస్తుంటే, ఆవిడ ఒక్కో అడుగుకూ అంకె పైకి చెప్పుకుంటూ వచ్చింది. పదిహేడు దగ్గర కాలికి గడప తగిలింది. ఆవిడ నా చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి, గోడ కోసం వెతుక్కుంది.

"మళ్ళీ మొదట్నుంచి," అంది.