ఎవరి ఆయాసం

బ్యాడగి మిరపకాయల మార్కెట్ వెనకవీధి ఆస్పత్రిలో రోగులకు ఇన్‌హేలర్ వాడటం నేర్పేది నర్సు కస్తూరి. వచ్చినవాళ్ళంతా ఏదో ఒక తప్పు చేసేవాళ్ళే. కొందరు మందును నాలుక మీద కొట్టుకుని మింగేస్తారు, కొందరు ఊపిరి వదులుతూ నొక్కుతారు. ఇస్త్రీ దుకాణం మాలతేశప్ప ఒక్కడే ఏ తప్పూ చేయడు. అందుకే ఆమెకు అతని మీద అనుమానం.

బొగ్గుల పొగకు ఆయాసం వస్తోందని చెప్పి అతను డాక్టరు చేత మందు రాయించుకున్నాడు. కానీ మెట్లెక్కి వచ్చినా రొప్పడు. ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఊదమంటే ముల్లు పైకి దూకుతుంది. ఏమీ తగ్గలేదనే అంటాడు, ఇన్‌హేలర్ మాత్రం ఇట్టే ఖాళీ చేసుకొస్తాడు. ఆస్పత్రి మందులు ఎవరో సంతలో అమ్ముతున్నారన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది.

ఆ రోజు అన్నీ సరిగ్గా చేసి చూపించాక కూడా అతను లేవలేదు.

“వేళ్ళు మండుతుంటే రెండు చేతుల్తో నొక్కొచ్చా అక్కా?”

కస్తూరి అతని వేళ్ళ వైపు చూసింది. ఒక్క బొబ్బ కూడా లేదు.

“ఎవరి వేళ్ళు?”

“నావే” అంటూ చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

మందిచ్చి పంపింది గానీ ఆమెకు మనసు ఆగలేదు. డ్యూటీ దిగి నేరుగా ఇస్త్రీ దుకాణానికి నడిచింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. వెనక గదిలోంచి మాలతేశప్ప గొంతు వినిపించింది. “ముందు ఊపిరంతా వదిలెయ్. పెదాలు బిగించు.” అచ్చంగా ఆమె మాటలే. కొనేవాడికి నేర్పుతున్నాడనుకుని తెర పక్కకు లాగింది.

గోడకు ఆనుకుని అతని భార్య నీలవ్వ కూర్చుని ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. గోదాములో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ చేతులు ఎర్రగా కందిపోయాయి. ఇన్‌హేలర్ నొక్కి ఒక్క గుక్కలో లాగింది. వెంటనే దగ్గు ముంచుకొచ్చింది. తేరుకుని తల ఎత్తేసరికి ఎదురుగా కస్తూరి.

“ఎవరు పంపారు నిన్ను? మా గోదాము మేస్త్రీయేనా?”

మాలతేశప్ప తల వంచుకుని అంతా చెప్పాడు. గోదాములో దగ్గిన ఆడమనిషిని మేస్త్రీ మర్నాటినుంచి రావద్దంటాడు. ఆస్పత్రి వరుసలో తోటి కూలీలే ఉంటారు, ఎవరు మోసుకుపోయి చెబుతారో తెలియదు. అందుకని జబ్బు తనకున్నట్టు చెప్పాడు.

కస్తూరికి ఒళ్ళు మండింది. ఒకరిని చూసి ఇచ్చిన మందు ఇంకొకరికి ఇస్తే, ప్రాణం మీదికొచ్చిన రోజున ఎవరు దిక్కని నిలదీసింది. అతన్ని దొంగ అనుకున్నందుకు లోపల సిగ్గుగానే ఉన్నా ఆమె పైకి తేలనివ్వలేదు. వచ్చి నీలవ్వ పక్కన కూర్చుంది.

నిండు ఊపిరితిత్తులున్న మగవాడికి, ఊపిరి అందనివాళ్ళ కంగారు ఎలా తెలుస్తుంది? నీలవ్వ భయంతో గబుక్కున లాగేస్తోంది. మందంతా గొంతులోనే ఆగిపోతోంది.

“వేడి చాయ్ చప్పరించినట్టు మెల్లగా లాగాలి వదినా.”

“ముందు నువ్వు లాగి చూపించు” అంది నీలవ్వ.

కస్తూరి సంచిలోంచి నేర్పడానికి వాడే ఖాళీది తీసి చూపించింది. నీలవ్వ ఆమె గొంతు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. చాలాసేపటికి గానీ చేయి చాపలేదు. కస్తూరి ఆమె వేళ్ళ మీద తన వేళ్ళుంచి, మందున్నదాన్ని రెండు చేతులతో నొక్కించింది. ఈసారి దగ్గు రాలేదు.

మార్కెట్‌కు సెలవున్న రోజు మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఆస్పత్రి వెనక గుమ్మంలోంచి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు మాలతేశప్పను కడిగిపారేసి, నీలవ్వను పరీక్షించి మందు మార్చాడు. వానలు పడేనాటికి ఆమె దిండ్లు పేర్చుకోకుండా వెల్లకిలా పడుకోగలిగింది.

కూరగాయల దగ్గర ఒకసారి మేస్త్రీ కస్తూరికి ఎదురుపడ్డాడు.

“ఇస్త్రీవాడి పెళ్ళాం మీ ఆస్పత్రిలో కనిపించిందంట?”

“మా ఇస్త్రీ బట్టలు తెచ్చిస్తుంది” అంది కస్తూరి, బెండకాయలు ఏరుకుంటూనే.

అతను వక్క నములుతూ ఆమె ముఖంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నమ్మాడో లేదో తెలియలేదు. మర్నాడు కస్తూరి కావాలనే గోదాము ముందునుంచి వెళ్ళింది. నీలవ్వ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆడవాళ్ళ వరుసలో కూర్చుని ఉంది. కస్తూరిని చూసి, ఎవరో తెలియనట్టు ముఖం తిప్పుకుంది. కస్తూరి కూడా ఆగలేదు.